మామూలు ప్రశస్తి

మంజీరకు చేరువనున్న యొక పల్లెలో, చెరువుకట్ట వాలున, తుమ్మచెట్ల నడుమ, నిలువెత్తు శాసనస్తంభ మొకటి యుండెడిది. నాకప్పటికి ఇరువదియేండ్లు నిండలేదు. బోధనునుండి సైకిలుమీద, చక్కెరకర్మాగారమునకు పోవు చెరకుబండ్ల వరుసను తప్పించుకొనుచు, సంచిలో సుద్దముక్కలును నోటుపుస్తకమును పెట్టుకొని పోయి, ఒక పగలంతయు ఆ రాతియెదుట కూర్చుండి, గుండ్రని చాళుక్యకాలపు లిపిని కూడబలుకుకొనుచు ప్రతి వ్రాసికొంటిని. పైనున్న యాఱు పంక్తులును ఏ శాసనమున జూచినను కానవచ్చెడి బిరుదావళియే యని తోచుటచేత, వానిని వ్రాయక, పుస్తకమున "మామూలు ప్రశస్తి, ఆఱు పంక్తులు" అని మాత్రము గుర్తువేసికొని, దానభూమి యెంత, దీపమునకు నూనె యెంత, పొలమునకు ఎల్లలేవి యను సంగతులను మిక్కిలి శ్రద్ధతో దింపుకొని యింటికి వచ్చితిని. శకవర్షముండవలసిన చోట రాయి పెచ్చులూడి యుండెను. కొన్నియేండ్లకు మరల పోయి చూచునప్పటికి ఆ తావున శాసనము లేదు. కట్ట తెగినప్పుడు గండి పూడ్చుటకు దానిని పగులగొట్టి వేసిరని పల్లెవారు చెప్పిరి.

మన ప్రాచీనకావ్యములయందును, శాసనములయందును, దస్తావేజులయందును మరల మరల వచ్చెడి మాటల కూర్పులను గూర్చి నేడు మాటలాడ దలచినప్పుడు, నాకు మొట్టమొదట మనసున మెదలినవి నేను వ్రాయక విడిచిన ఆ యాఱు పంక్తులే.

కల్యాణి చాళుక్యుల నాటి శాసనములను పది చదివినవాడు పదునొకండవదాని మొదలు కన్నులు మూసికొని చెప్పగలడు. 'స్వస్తి' యని మంగళము పలికి, సమస్తభువనాశ్రయుడనియు, పృథ్వీవల్లభుడనియు, మహారాజాధిరాజు, పరమేశ్వరుడు, పరమభట్టారకుడనియు, సత్యాశ్రయకులమునకు తిలకమనియు, చాళుక్యులకు ఆభరణమనియు వరుసగా బిరుదులను గూర్చి, ఆ రాజుయొక్క విజయరాజ్యము సూర్యచంద్రనక్షత్రము లున్నంతవఱకు నుత్తరోత్తరాభివృద్ధి నొందుచుండగా నని ముగించుట వారి లేఖకులకు మర్యాద. ఈ పొడవైన గొలుసులో, అన్ని కొలికులు నొక్కటిగనే యుండగా, ఒక్క కొలికి మాత్రము రాజు మారినప్పుడు మారును. జయసింహుని కాలమున అది జగదేకమల్లుడు. 1042 మొదలు 1068 వఱకు ఏలిన మొదటి సోమేశ్వరుని కాలమున త్రైలోక్యమల్లుడు. రెండవ సోమేశ్వరుని కొలది యేండ్ల యేలుబడిలో భువనైకమల్లుడు. 1076 నుండి ఏబదియేండ్లు రాజ్యము చేసిన యాఱవ విక్రమాదిత్యుని కాలమున త్రిభువనమల్లుడు. 'మల్ల' యను తుదిమాట నిలిచియుండ, ముందటి మాటయే కాలమును చెప్పును. మన బోధను పట్టణమున దొరికి, హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖవారి గ్రంథమాలలో వెలువడిన శాసనము త్రైలోక్యమల్లుని నాటిదనియు, 1056వ సంవత్సరమునకు చెందినదనియు మనకు తెలిసినదన్నచో, ఆ రాతిని ప్రతి వ్రాసినవారు నావలె తొందరపడక యీ గొలుసును మొదటినుండి తుదివఱకు దింపుకొనుటచేతనే గదా! నేను విడిచిన పంక్తులలో ఆ మల్లు డెవరో యుండెను.

ఒకే మాటను మరల మరల చెప్పుట రచనలోని లోపమని, నేర్పులేనితనమని, నేడు మనము తలంచుచున్నాము. మౌనముగా, కంటితో చదువుకొనువారి యభిప్రాయ మది. ప్రాచీనులు చెవితో చదివిరి. ఊరి నడుమ గుడియెదుట నొకరు బిగ్గరగా చదువుచుండ పదుగురు నిలిచి వినునట్లు వ్రాయవలసినవాడు శాసనలేఖకుడు. అతనికి 'స్వస్తి' యనునది వినువారి చెవి నొకవైపునకు త్రిప్పెడి పిలుపు. తెల్లవారుజామున "ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది" అనుమాట వినబడగానే, ఇంటిలో పాలు కాచుచున్న తల్లియు, పొలమునకు బయలుదేరుచున్న తండ్రియు నొక్కక్షణ మాగెడివారు. ఆ మాటలలో క్రొత్తసంగతి యేమియు లేదు; ఐనను అవి లేక క్రొత్తసంగతి చెవిన బడదు. అనగనగా ఒక రాజు అనకుండ మన తల్లులు ఏ కథనైన నారంభించిరా?

పాళీభాషలోని జాతకకథలకును ఇట్టి ద్వారబంధ మొకటి కలదు. పూర్వము కాశీనగరమున బ్రహ్మదత్తుడు రాజ్యమేలుచుండగా నని వందలకొలది కథలు మొదలగును. ఆ బ్రహ్మదత్తు డెవరు, ఎప్పటివాడు అని విచారించుట వ్యర్థము. ఆతడు చాలవఱకు కథకు తలుపు తీసెడివాడు. అయితే ఆ జాతకములయందే, కళింగరాజు దంతపురమునను, అస్సకరాజు పోతలియందును ఉండిరని చెప్పెడి కథ యున్నది. ఆ పోతలి పేరు విన్నప్పుడు బోధనువారమైన మనము చెవులు రిక్కింపవలసియున్నది.

అంగుత్తరనికాయమున పదునాఱు మహాజనపదముల పేర్లు వచ్చును. అవి యెట్లు వచ్చునో గమనింపుడు: అంగ-మగధలు, కాశీ-కోసలములు, కురు-పాంచాలములు, గాంధార-కాంభోజములు, ఇట్లు జంటజంటలుగా వచ్చును, అందు అస్సక-అవంతులు ఒక జంట. భిక్షువులు పుస్తకములు లేక నోటితో వల్లించుకొన్న కాలమున, ఒక పేరు జాఱిపోకుండ రెండవ పేరు చేయి పట్టుకొనుటకై యీ జంటలు కుదిరినవి. దీఘనికాయములోని మహాగోవిందసుత్తమున ఏడు రాజ్యములును వాని యేడు రాజధానులును ఒక మాలగా వచ్చును. కళింగుల దంతపురము వెంటనే అస్సకుల పోతనము (జాతకములోని పోతలియే), ఆపైన అవంతుల మాహిష్మతి. ఈ పోతనము మన బోధనే యని చరిత్రకారులు పెక్కుమంది తలంచుచున్నారు. మహాభారతము ఆదిపర్వమున అశ్మకుడను రాజర్షి పౌదన్యమను పురము నిర్మించెనని యున్నది. జైనపురాణములలో, అన్నయైన భరతచక్రవర్తిని గెలిచియు రాజ్యమును త్యజించి తపమునకు నిలిచిన బాహుబలియొక్క నగరము పౌదనపురము. అచటి బాహుబలివిగ్రహమును దర్శింపవలెనని తల్లి కోరగా, అది సాధ్యము గాక, చాముండరాయడు శ్రవణబెళగొళమున గోమటేశ్వరుని నిలిపెనని జైనులు చెప్పుకొందురు; ఆ విగ్రహము 981 నాటిది.

బౌద్ధుడు, జైనుడు, వైదికుడు, ఈ మువ్వురును తమతమ మతములనుగూర్చి వాదించుకొనినను, ఈ యూరి పేరును మాత్రము తమ పాటలలోను, పట్టికలలోను దారమునకు గ్రుచ్చిన పూసవలె కాపాడిరి. ఆ కాలపు కోటగోడ లేవి? రాజుల నగళ్లేవి? పోతనమును నిలిపినది ఇటుకకాదు, వల్లెవేతయే. ధర్మపురి శేషప్పకవి తన నరసింహశతకమునకు మకుటముగా తన యూరి పేరును కూర్చుటచేత, గోదావరిని కన్నులార జూడని పిల్లలుకూడ వీథిబడులలో ధర్మపురిని నూఱుసారులు తలంచిరి. మకుటమనగా తలమీది కిరీటమని యర్థము చెప్పుకొందుము; నా మట్టుకు నాకది ఊరికి వేసిన కట్టువలె తోచును.

బోధనులో రాకాసిపేట యున్నది. ఇది భారతములోని ఏకచక్రపురమే యనియు, భీముడు బకాసురుని చంపిన తావిదే యనియు మన పెద్దలు చెప్పుదురు. ఇట్లే చెప్పుకొనెడి యూళ్లు భారతదేశమున పెక్కులున్నవి. దానికి నవ్వుట నాకిష్టము లేదు. ఒక మహాకథలోని మాటల కూర్పు, అరటిపిలకవలె, నాటినచోటనెల్ల వేరూనుట సహజము.

ఇక కావ్యమునకును చరిత్రకును నడుమనున్న గోడ మన ప్రాంతముననే యెంత పలుచనైనదో చెప్పవలసియున్నది. వేములవాడ చాళుక్యులు మొదట నీ బోధను ప్రాంతమునుండి యేలినవారు. వారి పూర్వుడైన యుద్ధమల్లుడు, ఎనిమిదవ శతాబ్దమున, ఈ యూర నూనెతో నింపిన బావులలో ఐదువందల యేనుగులకు స్నానము చేయించెనని యొక ప్రసిద్ధి. రాజధాని వేములవాడకు తరలిపోయినది. ఇంచుమించు రెండువందల యేండ్లు గడచినవి. ఐనను పంపమహాకవి 941లో తన విక్రమార్జునవిజయమును వ్రాసినప్పుడు ఆ నూనెబావులను చెప్పక మానలేదు. 966 నాటి పర్భణి తామ్రశాసనము, రాజవంశమును వర్ణించుచు, అదే మాటను సంస్కృతమున చెప్పినది. కావ్యము కన్నడము, శాసనము సంస్కృతము. ఆ మాట రెంటికిని ఉమ్మడిసొత్తు. ఏనుగులు నిజముగా ఐదువందలా కావా యని లెక్కించుటకంటె, ఊరు విడిచివచ్చిన వంశము తన పుట్టినింటి గుర్తు నొక్క వాక్యములో ముడివేసికొని తరతరములు మోసికొనిపోయిన దనుటయే నాకు గొప్పవిషయము.

పంపడు మఱియొక సాహసము చేసెను. తన ప్రభువైన రెండవ అరికేసరిని కావ్యనాయకుడైన అర్జునునితో నేకము చేసి, రాజుగారి బిరుదములైన గుణార్ణవుడు, సామంతచూడామణి, ఉదాత్తనారాయణుడు మొదలగు మాటలనే భారతకథలో అర్జునునకు పెట్టెను. గాండీవము నెత్తినవాడు సామంతచూడామణి యని చదివినప్పుడల్ల వేములవాడ సభలో కూర్చున్నవారికి రెండు ముఖము లొక్కసారి కనబడియుండును. శాసనమునుండి వచ్చిన మాట కావ్యమున ప్రవేశించి, కావ్యగౌరవము దాల్చి, మరల సభకు వచ్చెను. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగరము దగ్గఱి కుర్క్యాల బొమ్మలగుట్టమీద వేయించిన శాసనమున, కన్నడసంస్కృతములతోపాటు మూడు తెలుగు కందపద్యము లుండుట మీలో పెక్కుమంది యెఱుగుదురు. తెలుగుకందము, మనకు దొరికినంతలో, తాటియాకుమీదకంటె ముందు గుట్టరాతిమీద నిలిచినది.

ఆ మరుసటి శతాబ్దమున తూర్పుదేశమున నన్నయభట్టారకుడు రెండుపనులను నొక్క గంటముతో చేసెను. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి నగ్రహారముగా నిచ్చినప్పుడు, 1053 నాటి ఆ తామ్రశాసనమును కూర్చినవాడు నన్నయయే. వంశావళి, బిరుదావళి, దానఫలము, దానహరణదోషము అను నియతమైన మెట్లమీదుగా నడచిన ఆ చేయియే, భారతమున జనమేజయునకు వైశంపాయనుడు చెప్పుచున్నాడను మెట్టును ప్రతి మలుపునను పదిలముగా కట్టినది. శ్రీనాథుడును ఇట్టివాడే, పెదకోమటివేముని కొలువున విద్యాధికారియై ఫిరంగిపురము శాసనమును రచించెను. కవులు వేఱు, లేఖకులు వేఱు అను మన విభాగము వారి కాలమునకు తెలియదు.

మరల మరల వచ్చెడి మాటకు, రావలసినచోట రాకపోవుటచేత, మఱింత బలము కలుగును. చాళుక్యులకు లోబడినంతకాలము కాకతీయుల శాసనములు చక్రవర్తిని ముందు తలంచి, తరువాత 'సమధిగతపంచమహాశబ్ద మహామండలేశ్వర' యని తమ బిరుదము నెత్తుకొనెడివి. 1163వ సంవత్సరమున రుద్రదేవుడు అనుమకొండ వేయిస్తంభముల గుడియందు, అచింతేంద్రునిచేత రచింపించి, వేయించిన సంస్కృతశాసనమున నా చక్రవర్తి పేరు లేదు. నేను స్వతంత్రుడనైతినని రుద్రదేవు డెచ్చటను ప్రకటింపలేదు. మామూలుగా నుండవలసిన మాట లేకపోవుటయే ప్రకటన. దానిని పట్టుకొని మన చరిత్రకారులు కాకతీయస్వాతంత్ర్యమునకు మొదలు గుర్తించిరి. ఆ మామూలు తెలియనివానికి ఆ నిశ్శబ్దము వినబడునా?

ఇట్టి విచారణ మన దేశమునకే పరిమితము కాదు. మిల్మన్ పారీ యను అమెరికా పండితుడు, గ్రీకుకవియైన హోమరుకృతులలో ఒక్కొక్క వీరునకును దేవతకును నియతమైన విశేషణము, ఛందస్సులో సరిగా ఇముడునట్లు, మరల మరల వచ్చుటను పరిశీలించి, 1928లో ప్యారిస్ విశ్వవిద్యాలయమున సిద్ధాంతవ్యాసములు సమర్పించెను. పుస్తకములతో తృప్తినొందక 1933 మొదలు 1935 వఱకు యుగోస్లావియాలో పల్లెపల్లెకును తిరిగి, అక్షరజ్ఞానము లేని గాయకులు పెద్దపెద్ద వీరగాథలను పాడుచుండగా యంత్రమున నెక్కించుకొనెను. వారు బట్టీపెట్టి పాడుట లేదనియు, సిద్ధముగానున్న పలుకుబళ్లను కూర్చుకొనుచు అప్పటికప్పుడు కల్పించుచున్నారనియు ఆయన కనుగొనెను. ఆ 1935లోనే, ముప్పదిమూడేండ్లకే, ఆయన మరణించుట సారస్వతమునకు తీరని లోటు. ఆయన కనుగొన్నది మన యొగ్గుకథవానికి పుట్టుకతో తెలిసినదే. మన ద్విపదలలో చెలువు మీరగ, భక్తి మీరగ, వేడ్క మీరగ, ముదము మీరగ నని యెన్ని చోట్ల రాలేదు! 'మీరగ' యను నొక గూటిలో సందర్భమును బట్టి యొక్కొక్క మాటను పెట్టుట యది. బతుకమ్మ చుట్టు తిరుగునప్పుడు ముందు పాడెడి యామె యొక చరణ మందిచ్చి, తక్కినవారందఱు 'ఉయ్యాలో' యని చప్పట్లు కొట్టునంతలో, తరువాతి చరణమును తలంచుకొనును. ఆ పల్లవి లేకున్న నామెకు ఊపిరియే తిరుగదు.

శాసనముల తుదను వచ్చెడి శాపములుకూడ ఇట్లే నియతములు. ఈ ధర్మమునకు చెఱుపు చేసినవాడు గంగగట్టున కవిలగోవును చంపిన పాపమున పోవుననియు, దత్తభూమి నపహరించినవాడు అఱువదివేలయేండ్లు మలమున పురుగై పుట్టుననియు చదివి విసుగుకొనువారిని జూచితిని. దానమునకు కాపు పెట్టుటకు వేఱు సాధనము లేనివాడు భవిష్యత్తులోని రాజులను చేతులు జోడించి వేడుకొనుచున్నాడని యొక్కసారి తలంచి చదివినచో, ఆ మాటలలోని దైన్యము హృదయమును తాకును. కాలము మారి, బోధనున ముహమ్మద్ బిన్ తుగ్లకు నాటి శాసనములు వెలసినప్పుడు లిపి మారినది, భాష మారినది. కాని పారసీకశాసనములలో రాజు పేరు వెంట 'ఖల్లదల్లాహు ముల్కహు', అనగా ఆయన రాజ్యమును దైవము చిరస్థాయి చేయుగాక, యను మాట వచ్చుట చూచినచో, మన 'ఆచంద్రార్కస్థాయి' యే క్రొత్త చొక్కా తొడిగికొని వచ్చినట్లుండును. మనుష్యుడు కోరెడిది మారలేదు.

మా పెదనాయనగారు ఇందూరులో దస్తావేజులు వ్రాసెడివారు. 1931 నాటికి నిజాంసాగరు పూర్తియై, కాలువలు పారి, 1937లో శక్కరునగరున చక్కెరకర్మాగారము వెలసినపిమ్మట, ఈ నేలకు వచ్చిన గిరాకి మీకు తెలియనిది కాదు. కృష్ణాగోదావరీమండలములనుండి వచ్చినవారు కాలువల వెంబడి 'క్యాంపు'లు కట్టుకొని నిలిచిరి. ఆ మాట నేటికిని ఊళ్ల పేర్ల తోకలలో నున్నది. పెదనాయనగారి కాగితములలో నా కాలమంతయు నొక్కచోట కూడినది. మొదట 'వల్ద్', 'సాకిన్', 'మౌజె' యని సర్కారుభాష. దిగువకు వచ్చునప్పటికి 'నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యము'లను అష్టభోగములు. విజయనగరరాజులు తామ్రపత్రములపై చెక్కించిన మాటలే యవి: పాతర, దాచినసొమ్ము, నీరు, రాయి, తఱుగనిది, రాబోవునది, చేతికందినది, సాధింపదగినది. రెండెకరముల చెరకుమడి కొన్న రైతునకు రాయలవారి యగ్రహారీకునకు దక్కిన మాటలు దక్కినవి. ఇటునుండి వచ్చినవాడు బోధను పలుకుబడిలోను, అటునుండి వచ్చినవాడు కోస్తా పలుకుబడిలోను బేరమాడుకొనినను, కాగితముమీదికి వచ్చునప్పటికి ఇద్దఱిది నొక్కభాషయే.

వ్రాసిన దస్తావేజును పెదనాయనగారు గొంతెత్తి చదివెడివారు. కొన్నవాడు చదువురాని రైతు. తలవంచుకొని, తువ్వాలు నులుముచు, చాల మాటలు తెలియకనే వినుచుండెడివాడు. 'పుత్రపౌత్రపారంపర్యముగా' నను మాట రాగానే తల యెత్తెడివాడు. ఆ యొక్క మాటకొఱకే యతడు వచ్చినట్లుండెడిది. నేను బాలుడనై, ఇన్నిసార్లు ఇదే యెందుకు వ్రాసెదవు, కుదించి వ్రాయరాదా, పెదనాయనా, అని యడిగితిని. "మనకు వెయ్యోసారి గాని, వానికి మొదటిసారి బిడ్డా" అని యాయన సిరాబుడ్డికి మూత పెట్టెను. ఆ మాట విన్నవాడనయ్యును చెరువుకట్టమీద నేను చేసినపని మీకు మొదటనే చెప్పితిని.

మీ యూళ్లలో, గుడిమెట్లక్రింద, తూముల ప్రక్కన, పొలపు గట్లమీద, లిపియున్న రాళ్లు నేటికిని కలవు. వానిని చూచినవారు 'స్వస్తి' మొదలుకొని తుదివఱకు, తెలిసినదైనను తెలియనిదైనను, అరిగినదైనను నిలిచినదైనను, ఒక్క యక్షరము విడువక వ్రాసికొని, వీలైనచో ఛాయాచిత్రము తీయించి, పురావస్తుశాఖవారికి పంపుడని వేడుకొనుచున్నాను.

ఆ నోటుపుస్తకము ఇప్పటికిని నాయొద్ద నున్నది. ఒక నందాదీపము, దానికి గానుగనుండి దినమున కింత నూనె, తూర్పున చింతచెట్టు, దక్షిణమున పుట్ట, పడమట కాలువ, ఉత్తరమున చెరువుకట్ట: అన్నియు నాటి నా వ్రాతలో చెక్కుచెదరక యున్నవి. ఆ దీపము ఏ రాజు కాలమున వెలిగినదో చెప్పవలసిన చోట, "మామూలు ప్రశస్తి, ఆఱు పంక్తులు" అని యున్నది.